నల్లికి ఎన్ని కాళ్ళు?

మా వైపు పొద్దు మునిగాక పాము పేరు ఎత్తరు. ఎవరినైనా పాము కరిస్తే "పురుగు ముట్టింది" అంటారు. బియ్యంలో పాకేది పురుగు, కాయ తొలిచేది పురుగు, మూలన గూడు కట్టేది సాలెపురుగు, తొలకరికి నేల మీద ఎర్రగా మెరిసేది ఆరుద్ర పురుగు. వీటిలో కొన్నింటికి కాళ్ళే లేవు, కొన్నింటికి ఆరు, కొన్నింటికి ఎనిమిది. మాట మాత్రం ఒక్కటే.

ఆ మాటతో నాకు పేచీ లేదు. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట అది. నా పేచీ అంతా, అంగడికి పోయి మందు డబ్బా కొనేటప్పుడు కూడా ఆ ఒక్క మాటతోనే సరిపెట్టుకోవడం మీద. కీటకాల వర్గీకరణ అంటే పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న అనుకుంటున్నాం. మెట్ట రైతుకు కార్తెల లెక్క ఎంత అవసరమో ఇదీ అంతే అవసరమని నేను నమ్ముతున్నాను. ఎందుకో చెప్పాలంటే మా నాయన మిరప తోట దగ్గర మొదలుపెట్టాలి.

మాది ఉరవకొండ దగ్గర పల్లె. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీళ్ళు బాగా వచ్చిన ఏడు ఎకరం మిరప పెట్టేవాళ్ళం, మిగతా చేనంతా శెనక్కాయ. నేను అనంతపురంలో బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నప్పుడు ఆ ఎకరం మిరపకు ముడత వచ్చింది. నాయన మందుల అంగడికి పోయి "ఆకు ముడుచుకుంటాంది" అన్నాడు. "ముడతంటే తామర పురుగే" అని వాళ్ళొక డబ్బా ఇచ్చారు. కొట్టాడు. వారానికి ముడత ఇంకా ఎక్కువైంది. రెండోసారి ఇంకా ఖరీదైన డబ్బా ఇచ్చారు. మూడోసారి రెండు మందులు కలిపి కొట్టమన్నారు. సెలవులకు ఇంటికి పోయేసరికి తోట కొసలన్నీ మాడినట్టున్నాయి. నాయన గట్టు మీద కూర్చుని, "పురుగు మందుకు అలవాటు పడిందమ్మా" అన్నాడు. ఆ మాటలోని అలసట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

నాలుగు లేత కొమ్మలు కోసి, తడి గుడ్డ చుట్టి, కవర్లో పెట్టుకుని కాలేజీకి తీసుకుపోయాను. మా లెక్చరర్ ఆకును చేతిలోకి తీసుకుని మైక్రోస్కోప్ వైపు కూడా పోకముందే, "ముడత ఎటు తిరిగిందో చూడు" అన్నారు. ఆకు అంచులు కిందికి ముడుచుకుని ఉన్నాయి, తిరగేసిన పడవలాగా. తామర పురుగు గీకిన ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, వెల్లకిలా పెట్టిన దోనెలాగా. పై ముడత, కింది ముడత అని రైతులకు తెలిసిన మాటలే ఇవి. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఆకు తిప్పి చూడలేదు, అంగట్లోనూ ఎవరూ అడగలేదు.

ఆకు అడుగు భాగాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టాక నాకు మొదట కనబడింది పురుగు కాదు, గుడ్లు. కోలగా, గాజులాగా, వాటి మీద వరుసల్లో తెల్లటి చుక్కలు అద్దినట్టు. ఎవరో కూర్చుని ముత్యాలు పొదిగినట్టున్నాయి. వాటి మధ్యలో లేత పసుపు రంగు బొట్టు ఒకటి కదిలింది. తలకు మీసాలు లేవు. తల, రొమ్ము, పొట్ట అని విడివిడిగా లేవు, అంతా ఒకే ముద్ద. కాళ్ళు లెక్కపెట్టాను. మూడు జతలు బాగా కనబడ్డాయి. నాలుగో జత కోసం చాలాసేపు వెతికాను. ఆడదానికి ఆ జత వెంట్రుకంత సన్నగా వెనక్కి సాగి ఉంటుందట. కనబడింది. ఎనిమిది.

అది తెల్లనల్లి. కీటకమే కాదు, సాలెపురుగుల, తేళ్ళ బంధువు. నాయన మూడుసార్లు కొట్టినవి కీటకాలను చంపే మందులు. వాటిలో చాలా వాటికి నల్లి చావదు. పైగా నల్లిని తినే మేలు పురుగులు చస్తాయి, తినేవాళ్ళు పోయాక నల్లి ఇంకా పెరుగుతుంది. నాయన తోటలో జరిగింది అదే. పురుగు మందుకు అలవాటు పడలేదు, ఆ మందు అసలు దానికోసం తయారైనదే కాదు. చివరికి నల్లికి పనిచేసేది నీటిలో కరిగే గంధకం, ఆ మూడు డబ్బాల కంటే చాలా చౌక. అప్పటికి పూత కాలం దాటిపోయింది.

ఇక్కడ మన భాష కూడా ఒక చిక్కు పెట్టింది. మంచంలో మనిషి నెత్తురు తాగేదీ నల్లే, మిరప ఆకు కింద ఉండేదీ నల్లే. మంచం నల్లికి ఆరు కాళ్ళు, అది అసలు సిసలు కీటకం. చేను నల్లికి ఎనిమిది. రెంటికీ ఎంత దూరమంటే, మంచం నల్లికి చేను నల్లి కంటే సీతాకోకచిలుకే దగ్గరి చుట్టం. "దోమ" కూడా అంతే. పత్తి మీద తెల్లదోమ, పచ్చదోమ ఉంటాయి. అవి దోమలు కావు. మనల్ని కుట్టే దోమకు రెండే రెక్కలు, తెల్లదోమకు నాలుగు. తెల్లదోమ, పేనుబంక, మంచం నల్లి ఒకే వంశం, మూడింటికీ సూదిలాంటి ముక్కు ఉంటుంది.

కీటకం అనడానికి గుర్తులు నిజానికి కొన్నే. శరీరం మూడు భాగాలు. తల మీద ఒక జత మీసాలు, పుస్తకంలో స్పర్శశృంగాలు అంటారు. రొమ్ముకు మూడు జతల కాళ్ళు, రెక్కలుంటే అవీ రొమ్ముకే. ఎముకలు లోపల ఉండవు, పై పెంకే ఎముక. ముక్కుతో కాకుండా ఒంటి పక్కలనున్న చిన్న రంధ్రాలతో గాలి పీలుస్తాయి. ఇంతే. ఈ గుర్తులున్న జాతులను శాస్త్రం ఇప్పటివరకు దాదాపు 10 లక్షలు గుర్తించి పేర్లు పెట్టింది. అందులో 4 లక్షల దాకా పెంకు పురుగులే.

ఈ గీత గీయడం ఎవరికీ ఒక్కసారిగా చేతకాలేదు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో ప్రాణులన్నింటినీ పట్టిక వేసినప్పుడు కీటకాలను రెక్కలను బట్టి ఏడు గుంపులు చేశాడు. రెక్కలు లేని గుంపులో పేలనూ గోమార్లనూ పెట్టాడు, వాటితోపాటే సాలెపురుగునూ తేలునూ జెర్రినీ చివరికి ఎండ్రకాయనూ కూడా పెట్టాడు. అంతటి వాడికి కూడా అవన్నీ "పురుగులే". ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ వచ్చి 1800 ప్రాంతంలో ఎండ్రకాయలను, సాలెపురుగులను వేరు చేశాడు. ఇది తలుచుకుంటే నాకు మా ఊరి మీద కోపం రాదు. మనం ఆగిపోయిన మెట్టు దగ్గర లిన్నేయస్ కూడా కాసేపు నిలబడ్డాడు. దాటడానికి దారి ఉంది, అది మన పిల్లలకు ఎవరూ సరిగ్గా చూపించడం లేదన్నదే నా బాధ.

నేను ఇప్పుడు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. కోలియోప్టెరా, డిప్టెరా, లెపిడోప్టెరా అనే పేర్లు వినగానే పిల్లల మొహాలు ఎలా మూసుకుపోతాయో రోజూ చూస్తాను. వాళ్ళను ఒక్కటే అడుగుతాను, హెలికాప్టర్ తెలుసా అని. అందరికీ తెలుసు. ఆ మాట చివర ఉన్న "ప్టర్" గ్రీకులో రెక్క. డిప్టెరా అంటే రెండు రెక్కలది: ఈగ, దోమ. కోలియోప్టెరా అంటే ఒర రెక్కలది, పై రెక్కలు కత్తికి ఒరలాగా గట్టిగా ఉంటాయి: పేడ పురుగు, మిణుగురు. లెపిడోప్టెరా అంటే పొలుసు రెక్కలది. సీతాకోకచిలుకను పట్టుకుంటే వేళ్ళకు అంటుకునే పొడి ఆ పొలుసులే. ఇలా విప్పి చెబితే ఒక్క పీరియడ్ చాలు. ఒర రెక్కల వంశం, పొలుసు రెక్కల వంశం అని మన పుస్తకాల్లోనే రాస్తే ఏం పోతుంది? శాస్త్రీయ నామం పక్కనే ఉంచండి. అర్థం మాత్రం ముందు ఉండాలి.

రెక్కల తరవాత నోరు. లిన్నేయస్ శిష్యుడు ఫాబ్రీసియస్ 1775లో రెక్కలు కాదు, నోటిని బట్టి కీటకాలను విడదీయాలన్నాడు. యూరప్‌లో మ్యూజియం పెట్టెల ముందు కూర్చుని చేసిన ఆలోచన అది. నాకు మాత్రం అది మా చేను గట్టు మీద కూర్చుని చేసినట్టే ఉంటుంది. ఎందుకంటే మందు నోటిని బట్టే పని చేస్తుంది. మిడతకు, గొంగళి పురుగుకు కొరికే నోరు. ఆకు మీద చల్లింది తింటాయి, చస్తాయి. పేనుబంక సూదిని లోపల గుచ్చి రసం పీలుస్తుంది, ఆకు పైన ఏం పూసినా దాని కడుపులోకి పోదు. మందు దాని ఒంటికైనా తగలాలి, మొక్క రసంలోకైనా ఎక్కాలి. ఆకుకు కన్నాలు పడ్డాయా, లేక ఆకు పాలిపోయి బంక కారుతోందా అన్నది చూస్తే, పురుగు కనబడకపోయినా దాని నోరు ఎలాంటిదో తెలిసిపోతుంది.

తామర పురుగు నోరు ఇంకో విచిత్రం. దానికి దవడ ఒక్కటే, ఎడమది. కుడి దవడ ఎదగదు. ఆ ఒక్క దవడతో ఆకు పొరను చీల్చి, కారిన రసాన్ని పీలుస్తుంది. ఒక మిల్లీమీటరు పొడవుండే ఈ ఒంటి దవడ ప్రాణి 2000 సంవత్సరం ఖరీఫ్‌లో మా జిల్లాను ఏం చేసిందో ఆ రోజుల్లో సేద్యం చేసినవాళ్ళు మరిచిపోలేరు. వేరుశనగకు కాండం కుళ్ళు వైరస్ తెగులు వచ్చింది. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కారణం తవ్వి తీశారు. వైరస్ దాక్కున్నది వయ్యారిభామ మొక్కలో. ఆ మొక్కకు తెగులు లక్షణాలేవీ కనబడవు. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగు పూలలో తిరిగినప్పుడు పుప్పొడి ఒంటికి అంటుకుంటుంది, తరవాత శెనక్కాయ ఆకు మీద వాలి దవడతో గీకుతుంది, గీకిన గాయంలోకి పుప్పొడి మీది వైరస్ దిగుతుంది. దారి ఇదీ అని తెలిశాక చేయాల్సిన పని కూడా మారిపోయింది. గట్ల మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి, చేను చుట్టూ జొన్న నాలుగు సాళ్ళు కంచెలా వేయాలి. ఆకు మీద మచ్చ చూసి శిలీంధ్రం మందు కొట్టుకుంటూ కూర్చుంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

2021లో మిరప రైతులను ముంచిన నల్ల తామర పురుగు కూడా ఇలాంటిదే. అది మన పాత తామర పురుగు కాదు, వేరే జాతి. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనబడింది. పాతది ఎక్కువగా ఆకుల మీద ఉంటే ఇది పూలలో గుంపులుగా చేరి కూర్చుంటుంది. పాత మందులతో, పాత పద్ధతిలో కొట్టినవాళ్ళు కర్నూలు వైపు ఎంత నష్టపోయారో నేను చూశాను.

నోటి కంటే కూడా మనవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడేది బాల్యం దగ్గర. మిడత పిల్ల మిడతలాగే ఉంటుంది, రెక్కలు ఒక్కటే తక్కువ. ఎర్ర గొంగళి పురుగు అలా కాదు. గుడ్డు, గొంగళి, కోశం, రెక్కల పురుగు అని నాలుగు జన్మలు ఎత్తుతుంది. మా శెనక్కాయ చేన్లలో గొంగళ్ళు దండుగా కదిలి ఒక చేను నుంచి ఇంకో చేనికి పోవడం నేను చిన్నప్పుడు చూశాను. బాగా ఎదిగాక వాటికి మందు సరిగ్గా పనిచేయదు. కానీ వాటి తల్లులు తొలకరి వాన పడిన రాత్రుళ్ళలో వెలుతురుకు వస్తాయి. ఊరంతా కలిసి ఆ రాత్రుళ్ళలో గట్ల మీద మంటలు వేస్తే ఒక్కో తల్లితోపాటు వందల గుడ్లు పోయినట్టే. కోశాలు వచ్చే ఏడు వాన దాకా మట్టిలోనే ఉంటాయి. ఎండాకాలం లోతుగా దున్నితే కొంగలకు, కాకులకు విందు. మంట వెలుగులో చుట్టూ తిరిగే ఆ తెల్ల రెక్కలదీ, నెల తరవాత చేను బోడి చేసే గొంగళీ ఒకటే అని తెలియని ఊళ్ళో మంట ఎవరు వేస్తారు?

వేరుపురుగు సంగతీ అదే. మట్టిలో తెల్లగా కొడవలిలా వంగి వేళ్ళు కొరికేది బిడ్డ. తొలి వానకు రాత్రిపూట వేపచెట్టు మీద, రేగుచెట్టు మీద వాలే గోధుమరంగు పెంకు పురుగు దాని తల్లి. చెట్టు కొమ్మలు దులిపి, కిందపడినవి ఏరి కిరోసిన్ నీళ్ళలో వేస్తే సగం పని అయిపోయినట్టు. చెట్టు మీదిదీ మట్టిలోదీ వేరు వేరు అనుకున్నన్నాళ్ళు చెట్టు వైపు తల కూడా ఎత్తం.

ఇంకో పక్క, మనవాటినే మనం చంపుకుంటాం. ఎర్రటి రెక్కల మీద నల్లచుక్కల అక్షింతల పురుగు మంచిదని ఇప్పుడు చాలామందికి తెలుసు. దాని పిల్ల ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు తక్కువ. నల్లగా, ముళ్ళతో, చిన్న మొసలి పిల్లలా ఉంటుంది. పేనుబంకను తినేది ఎక్కువగా అదే. రైతు దాన్ని చూడగానే, కొత్త పురుగు పడిందని పరుగున మందుకు పోతాడు. నా క్లాసు పిల్లల్లో ఒకడు దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని పేనుబంక పట్టిన అలసంద కొమ్మలు వేస్తూ వారం పైన సాకాడు. ఒకరోజు పొద్దున పెట్టె తెరిస్తే లోపల చుక్కల రెక్కలతో అక్షింతల పురుగు కూర్చుని ఉంది. వాడు బడంతా తిరిగి చూపించాడు.

ఇదంతా రైతుకు చేతకాదని కొందరు నాతో వాదిస్తారు. "భూతద్దం పట్టుకుని కాళ్ళు లెక్కపెట్టే తీరిక ఎవరికుంది మేడం" అంటారు. వాళ్ళను మడకశిర వైపో కళ్యాణదుర్గం వైపో పట్టు రైతు ఇంటికి తీసుకుపోవాలనిపిస్తుంది. పట్టుపురుగు ఎన్నో జ్వరంలో ఉందో ఆ ఇంట్లో ముసలమ్మ కూడా చెబుతుంది. జ్వరమంటే మేత మానేసి తలెత్తి కదలకుండా కూర్చుని పాత చర్మం విడిచే సమయం. నాలుగు జ్వరాలు, ఐదు దశలు, దాదాపు 25 రోజులు, ఆ తరవాత చంద్రికలనే అల్లిన తట్టల మీద గూళ్ళు. ఊజీ ఈగ లోపలికి రాకుండా కిటికీలకు వలలు కడతారు, ఎందుకంటే ఆ ఈగ పిల్ల పట్టుపురుగు ఒంట్లో పెరుగుతుందని వాళ్ళకు తెలుసు. ఒక పొలుసు రెక్కల పురుగు బాల్యం, దాని శత్రువైన రెండు రెక్కల పురుగు బాల్యం, రెండూ వాళ్ళకు నోటికొచ్చు. దాని మీద డబ్బు వస్తుంది కాబట్టి నేర్చుకున్నారు. శెనక్కాయ మీద డబ్బు పోతోంది కాబట్టి నేర్చుకోలేమా?

పాత పేర్లే చాలు, ఈ లాటిన్ ఎందుకనే వాదన కూడా విన్నాను. పాత పేర్లంటే నాకూ ఇష్టమే. ఆముదం ఆకులు తినే దాసరి పురుగు పొట్ట కింద ముందరి కాళ్ళకు పట్టు తక్కువ. అందుకే నడుము విల్లులా ఎత్తి దించి నడుస్తుంది. ఆ పేరు వింటే నాకు వంగి వంగి దండం పెట్టే దాసరి కళ్ళముందు కనబడతాడు. అంత బాగా చూసి పెట్టిన పేరు అది. కానీ దాసరి పురుగు అన్న పేరు దాని తల్లి రెక్కల పురుగు ఏదో చెప్పదు, నల్లి అన్న పేరు ఎన్ని కాళ్ళో చెప్పదు. పేరు పెట్టినవాళ్ళు చూసినంతవరకు చూశారు. అక్కడి నుంచి మనం చూడాలి.

మా జిల్లాకు ప్రపంచంలో పేరు తెచ్చిన ప్రాణుల్లో ఒకటి గుత్తి సాలెపురుగు. ఒళ్ళంతా నీలం రంగు. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త గుత్తిలో దొరికిన నమూనాను చూసి దాన్ని వర్ణించాడు. అడవి నుంచి కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని అనుకుంటారు. నూరేళ్ళ తరవాత 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువున్న జాబితాలో ఉంది. దీని గురించి క్లాసులో చెప్పినప్పుడల్లా "మన గుత్తి పురుగా మేడం!" అని పిల్లలు ఎగురుతారు. ఆ సంతోషం చల్లారకముందే అది కీటకం కాదని చెబుతాను. ఎందుకు కాదో వాళ్ళే చెప్పే దాకా ఆగుతాను. ఎనిమిది కాళ్ళు, ఒళ్ళు రెండే భాగాలు, మీసాలు లేవు.

పోయిన ఆరుద్ర కార్తెలో మొదటి పదును వాన పడ్డ మర్నాడు ఎనిమిదో తరగతి పిల్లలను బడి వెనక చేనికి తీసుకుపోయాను. ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు తిరుగుతున్నాయి. అందరూ కాళ్ళు లెక్కపెట్టి, ఎనిమిది కాబట్టి కీటకం కాదని నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఒక పిల్ల మాత్రం ఒక మిడతను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. దాని రెక్క మొదట్లో రెండు ఎర్ర చుక్కలు, కుంకుమ గింజలంతవి, అతుక్కుని ఉన్నాయి. ఆ పిల్ల అప్పటికే భూతద్దం పెట్టి చూసింది.

"మేడం, ఇవి కూడా పురుగులే. కాళ్ళు ఆరు ఉన్నాయి. అంటే కీటకాలే కదా?"

అవి ఆరుద్ర పురుగుల జాతి పిల్లలు. పుట్టినప్పుడు వాటికి ఆరే కాళ్ళు. మిడత ఒంటిని పట్టుకుని రసం పీల్చి, నేలకు రాలి, పెరిగాకే ఎనిమిది అవుతాయి. ఆ సంగతి చెప్పగానే ఆ పిల్ల నోట్‌బుక్‌లో "6 కాళ్ళు = కీటకం" అని రాసుకున్న లైను వైపు చూసింది. కొట్టేయలేదు. కాసేపు ఆలోచించి, "అయితే ఇంకేం చూడాలి మేడం?" అంది.

"మీసాలున్నాయేమో చూడు" అన్నాను.

చేనులో బురదగా ఉన్నా అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, మిడతను ఎడమ చేత్తో నెమ్మదిగా పట్టుకుని, భూతద్దం మళ్ళీ కంటికి పెట్టుకుంది.